నల్ల బీరుకు పన్నెండు డిగ్రీలు

మొన్న ఆదివారం చర్చి నుంచి నేరుగా మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మచ్చ బొల్లారంలో వాళ్ళిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. ఎండలో నడిచి వచ్చానని ఫ్రిజ్‌లోంచి సీసా తీసి స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. గ్లాసు వేళ్ళకు తగలగానే దాహం సంగతి మర్చిపోయాను. గ్లాసును ఎడమ చేతిలోకి మార్చుకుని కుడి చేతి వెనక భాగాన్ని దానికి ఆనించాను. ఆ చల్లదనం చర్మం దాటి ఎముక దాకా పోవడానికి ఎంతసేపు పడుతుందో చూసి, నాకు తెలియకుండానే "ఆరు" అన్నాను. "మమ్మీ, నీళ్ళు తాగుతవా, పరీక్ష జేస్తవా?" అని మా అమ్మాయి నవ్వింది. తాగాను. కానీ కూర్చోలేకపోయాను. లేచి ఫ్రిజ్ తలుపు తీసి పై అరలో చెయ్యి పెట్టాను, కింది అరలో పెట్టాను, తలుపు రబ్బరు చుట్టూ వేలు తిప్పి చల్లగాలి బయటికి పోతోందేమోనని వెతికాను. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. ఎక్కడికి వెళ్ళినా చల్లని వస్తువు ఏదైనా కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఈ చేతికి ఆ అలవాటు చేసిన మనిషి పేరు మూర్తి గారు. ఆయన బీరు తయారు చేసేవారు. నేను జీవితంలో ఒక్క గుక్క బీరు కూడా తాగలేదు.

శామీర్‌పేట చెరువు దాటాక కరీంనగర్ రోడ్డు మీద చెట్ల మధ్య కుర్చీలు వేసిన ఒక పెద్ద హోటల్ ఉంది. బీరు అక్కడే కాస్తారు, అక్కడే అమ్ముతారు. గాజు గోడ వెనక రాగి రంగు పెద్ద పెద్ద పాత్రలు కనబడుతుంటాయి. నేను అక్కడ గ్లాసులు కడగడానికి చేరాను. అంతకు ముందు నా బతుకంతా మేడ్చల్ చుట్టుపక్కల ద్రాక్ష తోటల్లో గడిచింది. ఏడేళ్ళ వయసులో మా అమ్మ వెంట తోటలోకి పోయినదాన్ని, తోటలు ఒక్కొక్కటీ ప్లాట్లుగా మారిపోయేదాకా ఆ పందిళ్ళ కిందే ఉన్నాను. బడి ముఖం చూడలేదు. అంకెలు మాత్రం బస్సుల మీద చూసి, గంపల మీద వేసే సున్నపు గుర్తులు చూసి నేర్చుకున్నాను. అక్షరం ఒక్కటీ రాదు. అన్నీ కలిపి గీసే సంతకం ఒకటి మా ఆయన నేర్పాడు. ముగ్గు వేసినట్టు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ మలపాలో గుర్తు పెట్టుకుని గీస్తాను. హోటల్లో చేరిన రోజు కాగితం మీద ఆ ముగ్గు గీస్తే, నాకు చదువు వచ్చనుకున్నారు. వాళ్ళు అనుకున్నారు కదా అని నేను ఊరుకున్నాను. చర్చిలో బైబిలు తెరిచి పట్టుకుని, పక్కామె పేజీ తిప్పినప్పుడు తిప్పే మనిషికి అది కష్టం కాలేదు.

మూర్తి గారిది తణుకు దగ్గర ఊరు. ఆయన బీరు పనిలోకి పాల వ్యాపారంలోంచి వచ్చారు. ఇరవై ఏళ్ళు పాల శీతల కేంద్రాల్లో పనిచేసి, ఆ తర్వాత ఇది నేర్చుకున్నారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. చొక్కా జేబులో పెన్నుతో పాటు పొడుగాటి సూది లాంటి థర్మామీటరు ఒకటి ఎప్పుడూ ఉండేది. మమ్మల్నందరినీ "అండి" అనేవారు. గ్లాసులు కడిగే నన్ను "సువార్తమ్మ గారూ" అని పిలిచిన మొదటి రోజు నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా పెద్దమనిషి వచ్చిందేమోనని. కౌంటరు దగ్గర బీరు పట్టే యాదగిరి పకపకా నవ్వాడు. "అక్కా, నిన్నేనే. ఆంధ్ర సారు నీకు గారు దగిలించిండు. ఇగ మేము లేచి నిలబడాల్నా?" అన్నాడు. మూర్తి గారు ఆ నవ్వు పట్టించుకోలేదు. "గ్లాసులు ఫ్రీజరులో ఎవరు పెడుతున్నారమ్మా?" అని అడిగారు. నేనే పెడుతున్నాను. యాదగిరి పెట్టమన్నాడు. గ్లాసుకు తెల్లగా మంచు పడితే వచ్చినవాళ్ళు మురిసిపోతారు.

"మానేయండి," అన్నారు ఆయన. "ఆ మంచు కరిగి బీరులో కలుస్తుంది. నురగ కూడా సరిగా నిలబడదు. మామూలు నీళ్ళలో కడిగి బోర్లించండి, చాలు."

"సార్, గీ ఎండల వచ్చినోడు సల్లగ లేకుంటే గ్లాసు మొఖం మీద కొడ్తడు," అన్నాడు యాదగిరి.

"చల్లగా ఇద్దామండి. ఎవరికి ఎంత చల్లదనమో అంతే ఇద్దాం."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. మనుషులకు ఎంత చల్లదనమో అంటున్నారనుకున్నాను. ఆయన అన్నది బీర్ల గురించి. అక్కడ నాలుగు రకాలుండేవి. మేము వాటిని మా తీరున లేతది, గోధుమది, చేదుది, నల్లది అనేవాళ్ళం. లేతది నాలుగు డిగ్రీల దగ్గర ఇవ్వాలి. గోధుమది ఆరు. చేదుది ఎనిమిది దాటాకే దాని పూల వాసన బయటికి వస్తుంది. నల్లదానికి పన్నెండు. పన్నెండంటే మన ఎండాకాలంలో చల్లగానే తోస్తుంది గానీ, చిల్డ్ అని అరిచే మనిషికి అది వేడి కింద లెక్క. బీరు మీద రోజూ పోట్లాటే. ఒకసారి పెళ్ళి గుంపు ఒకటి వచ్చి నల్లదాంట్లో ఐసు ముక్కలు వేయమంది. మూర్తి గారు స్వయంగా బల్ల దగ్గరికి వెళ్ళి, పక్కన గిన్నెలో ఐసు పెట్టించి, "ముందు రెండు గుక్కలు ఇలాగే తాగండి, తర్వాత మీ ఇష్టం, గిన్నె మొత్తం వేసుకోండి," అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒక ముసలాయన రెండు గుక్కలు తాగి, గ్లాసు వంక చూసి, గిన్నెను పక్కకు జరిపాడు. మిగతావాళ్ళు ఐసు వేసుకున్నారు. మూర్తి గారు లోపలికి వచ్చి, "ఒకడు చాలండి," అన్నారు, ఏదో పెద్ద యుద్ధం గెలిచినట్టు.

నన్ను గ్లాసుల తొట్టి దగ్గర నుంచి బీరు నిలవుంచే కోల్డ్ రూమ్‌లోకి తెచ్చింది కూడా ఆయనే. ఒక మధ్యాహ్నం యాదగిరి పంపిన లేతది గ్లాసు ఒకటి బల్ల మీదికి పోతుంటే నేను దాన్ని తాకి, "ఇది సల్లగ లేదు, ఏడుకొచ్చింది," అన్నాను. బీరు ఎంత చల్లగా ఉందో చూపించే గోడ మీది అంకె చూసి చూసి, చేతికి ఏది తగిలితే ఏ అంకో నాకు పట్టుబడిపోయింది. అంతకు మించి ఆలోచించలేదు. మూర్తి గారు జేబులోంచి సూది తీసి గ్లాసులో ముంచారు. ఏడు. మళ్ళీ ఇంకో గ్లాసు తెచ్చి నా కళ్ళు మూయించారు. "నాలుగు," అన్నాను. ఇంకోటి. "తొమ్మిది, కాదు, తొమ్మిది లోపల." ఎనిమిదిన్నర ఉంది. ఆయన ముఖంలో ఆ సంబరం చూడాలి. "అయ్యబాబోయ్, ఈ చెయ్యి ఎక్కడ దొరికిందండీ మీకు?" అన్నారు.

ద్రాక్ష తోటలో దొరికింది. పొద్దు పొడవక ముందు కోసిన గుత్తి చల్లగా ఉంటుంది, దూరం పంపినా నిలుస్తుంది. ఎండ తగిలాక కోసింది దారిలోనే చెడుతుంది. గంపలో రెండూ కలిస్తే మేస్త్రి మమ్మల్ని తిట్టేవాడు. అందుకని ప్రతి గుత్తినీ చేతి వెనక భాగంతో తాకి వేరు చేసేవాళ్ళం. ఆ సంగతి ఆయనకు చెప్పి, ఇంకో మాట కూడా అన్నాను. "కానీ సార్, తినాల్నంటే పగటీలి గుత్తే తినాలె. పొద్దుగాల్ది నోట్లె ఏసుకుంటే సల్లగుంటది గానీ తీపి తెల్వది." మూర్తి గారు నా వంక అలాగే చూశారు. "అంతేనమ్మా. నేను ఇక్కడ అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయిన సంగతి అదే," అన్నారు. పాల కేంద్రంలో పాలు మంచివో కావో చూడాలంటే ముందు కొంచెం వెచ్చబెట్టి వాసన చూసేవారట. చల్లటి పాలలో పులుపు దొరకదు. "చల్లదనం తప్పునీ దాస్తుంది, మంచినీ దాస్తుంది. లేతదానిలో దాచడానికి పెద్దగా ఏమీ లేదు, దాన్ని చల్లగా ఇచ్చేయొచ్చు. నల్లదానిలో చాలా ఉందండి. దాన్ని దాచెయ్యకూడదు."

కోల్డ్ రూమ్ పని గ్లాసుల పని కంటే ఎంతో నయం. జీతం పెరిగింది, నడుము నొప్పి తగ్గింది. రెండు గంటలకోసారి ప్రతి పాత్ర మీది అంకె చూసి కాగితంలో రాయాలి. మొదటి గడి లేతది, రెండోది గోధుమది, అలా వరస గుర్తు పెట్టుకున్నాను. అంకెలు వచ్చు కనుక గడిచిపోయింది. కానీ ఆ గదిలో పనిచేసేవాళ్ళకు చదువు రావాలని ఓనరు మొదటి రోజే చెప్పాడు. రాదని తెలిస్తే మళ్ళీ తొట్టి దగ్గరికి పంపుతాడు, లేదా పంపించేస్తాడు. అందుకని గోడకు కొత్త కాగితం ఏది అంటించినా నాకు భయమే. చేతిలో గుడ్డ పట్టుకుని అటూ ఇటూ తుడుస్తూ తిరిగేదాన్ని, ఎవరైనా దాని గురించి మాట్లాడుకుంటే విందామని. కూర్చోవడమనేది అప్పటినుంచే మరిచాను.

నల్లది మూర్తి గారి సొంత బీరు. మిగతా మూడూ ఎవరైనా చేసేవే. ఇది మాత్రం ఆయన వాళ్ళ ఊరి నుంచి తాటిబెల్లం తెప్పించి, మాడీ మాడకుండా వేయించిన బార్లీతో కలిపి, రెండుసార్లు పారబోసి మూడోసారి సాధించింది. కానీ అది అమ్ముడుపోయేది తక్కువ. ఆ ఎండాకాలం ఓనరు ఒక మాట చెప్పాడు. తన భాగస్తులు ఇద్దరు వస్తారని, నల్లది రుచి చూస్తారని, నచ్చితే ఉంటుందని, నచ్చకపోతే ఇక లేతదొక్కటే ఎక్కువ కాస్తామని. లేతదొక్కటే అయితే మూర్తి గారంత జీతగాడు అక్కర్లేదన్న సంగతి ఓనరు చెప్పలేదు గానీ అందరికీ అర్థమైంది. ఆయనకు కూడా. ఆ వారమంతా ఆయన జేబులో సూది ఉందో లేదో తడుముకుంటూ తిరిగారు. ఆయన అన్నీ సిద్ధం చేశారు. ఒక చిన్న పీపా నిండా నల్లది పట్టి, ఆ రోజు దాకా నిలవ ఉండాలని దాన్ని నాలుగు డిగ్రీల దగ్గర ఒక చిన్న ఫ్రిజ్‌లో విడిగా పెట్టారు. వాళ్ళు వచ్చేది ఉదయం పదకొండింటికి.

ఆ రోజు నేను ఎనిమిదింటికి పనిలోకి వచ్చాను. లోపలికి అడుగు పెట్టగానే చిన్న ఫ్రిజ్ మీది అంకె చూశాను. పన్నెండు. ముందు నెలలోనే పెద్ద కంప్రెసరు చెడిపోయి ఒక పాత్ర నిండా గోధుమది కాలువలో పోశాం. ఇది కూడా చెడిపోయింది, అదీ ఈ రోజే, అనుకున్నాను. మామూలుగా ఇచ్చే నల్లది పన్నెండని నాకు తెలుసు. కానీ ఈ ఫ్రిజ్ నిన్న సాయంత్రం దాకా నాలుగు దగ్గర ఉంది, ఎవరూ మార్చమని నాకు చెప్పలేదు. పైగా వచ్చేది పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళకు వెచ్చటిది పోస్తామా?

ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటించి ఉంది. నీలం సిరాతో నాలుగైదు వరుసలు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. మెకానిక్కులు బాగు చేసి పోయేటప్పుడు అలాంటి కాగితాలే అంటిస్తారు, ఇదీ అదేనని నాకు నేను చెప్పుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. పదో తరగతి చదివినవాడు. చీటీ పీకి తీసుకెళ్ళి "ఏం రాసిందన్నా ఇండ్ల?" అని అడిగితే అయిపోయేది. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. అడిగితే తెలిసిపోతుంది. మధ్యాహ్నానికి హోటలంతా తెలుస్తుంది. వెనక్కి వచ్చేశాను. ఈ ఎనిమిదేళ్ళలో ఆ గుమ్మం దగ్గరికి నేను మనసులో ఎన్నిసార్లు నడిచానో. నడిచిన ప్రతిసారీ అడుగుతాను. ఆ రోజు మాత్రం అడగలేదు.

ఐసు తొట్టిలో పీపాను నిలబెట్టాను. చుట్టూ ఐసు పోశాను. ఐసులో ఉప్పు చల్లితే ఇంకా చల్లబడుతుందని కుల్ఫీ బండ్ల దగ్గర చూసి ఉన్నాను. వంటింట్లోంచి రెండు ప్యాకెట్ల ఉప్పు తెచ్చి చల్లాను. పీపాను అరగంటకోసారి తిప్పాను. వేళ్ళు మొద్దుబారాయి. పదిన్నరకు చేతి వెనక ఆనించి చూస్తే మూడు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. మూర్తి గారి బీరును నేను కాపాడాననుకున్నాను.

ఆయన పదీ నలభైకి వచ్చారు, చేతిలో అట్టపెట్టెతో. ఊళ్ళోకి వెళ్ళి నల్లదానికని ప్రత్యేకంగా పొట్ట గుండ్రంగా ఉన్న గ్లాసులు కొనుక్కొచ్చారు. తొట్టి చూశారు. అట్టపెట్టె మెల్లగా కింద పెట్టారు.

"ఇదేంటమ్మా?"

"ఫ్రిజ్ ఖరాబైంది సార్. పన్నెండు జూపిస్తున్నది. నేను జల్దీ ఐసుల వెట్టిన. ఏం ఫికర్ లేదు, మూడుకొచ్చింది."

ఆయన ఫ్రిజ్ తలుపు వైపు చూశారు. చీటీ అక్కడే ఉంది. "చీటీ..." అన్నారు. తర్వాత నా ముఖం చూశారు. "చూడలె సార్," అన్నాను. ఆ చీటీ నా కళ్ళకు సూటిగా, జానెడు దూరంలో ఉంది. చూడకపోవడం గుడ్డిదానికి కూడా కుదరదు. ఆయన ఒక్క క్షణం ఆగారు. కాగితంలో నేను అంకెలు రాసి పక్కన ఏమీ రాయని సంగతి, కొత్త కాగితం అంటిస్తే గుడ్డ పట్టుకుని తిరిగే సంగతి, అవన్నీ ఆ ఒక్క క్షణంలో ఆయనకు వరసగా గుర్తొచ్చి ఉంటాయి. బయట కారు ఆగిన చప్పుడైంది. ఆయన చీటీని చింపకుండా, మూలలు నెమ్మదిగా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "గోరువెచ్చటి నీళ్ళు పెట్టండి. గ్లాసులు అందులో ముంచి తీద్దాం," అన్నారు.

ముంచి తీశాం. గ్లాసులో పోశాక నేను రెండు అరచేతులతో చుట్టి పట్టుకున్నాను. నా చేతులే మొద్దుబారి ఉన్నాయి, వాటిలో ఏం వేడి ఉంటుంది? అయిదుకు వచ్చింది, అంతే. బల్ల దగ్గర మూర్తి గారు, "ఒక్క ఇరవై నిముషాలు ఆగుదామండి, ఇది కాస్త ఎక్కువ చల్లగా ఉంది," అన్నారు.

భాగస్తుల్లో లావుపాటాయన పొట్ట ఊగేలా నవ్వాడు. "బీరు సల్లగున్నది, ఆగుండ్రి అంటున్నడు! గిట్ల చెప్పినోన్ని నా జిందగీల సూడలే!" అని గటగటా తాగేశాడు. రెండో ఆయన సగం తాగి పెదవి విరిచాడు. "ఏమున్నదిండ్ల? కాకరకాయ నీళ్ళ లెక్కున్నది."

ఓనరు ముఖం ఎర్రబడింది. "మీరే గద పన్నెండు, పన్నెండు అని మా పానం దీసింది? మరి ఐసుల ఎవలు వెట్టిన్రు?"

నేను ట్రే పట్టుకుని మూడడుగుల దూరంలో ఉన్నాను. నేనేనని చెప్పబోయి, ట్రే మీది గ్లాసులు సర్దాను. "పొరపాటు నాదేనండి," అన్నారు మూర్తి గారు. "పన్నెండుకు పెట్టి వెళ్ళాను, ఎవరికీ చెప్పలేదు. ఒక చీటీ అయినా పెట్టాల్సింది." జేబు మీద చెయ్యి వేసుకుని ఆ మాట అన్నారు.

వాళ్ళు అరగంటలో వెళ్ళిపోయారు. నల్లది ఇక వద్దన్నారు. నేను బల్ల తుడవడానికి వెళితే, రెండో ఆయన సగం వదిలిన గ్లాసు ఎండపొడలో ఉంది. తీయబోతూ అలవాటుగా చెయ్యి ఆనించాను. పన్నెండు. సరిగ్గా పన్నెండు. అప్పుడు వాసన వచ్చింది. కాలిన బెల్లం, వేయించిన కాఫీ గింజలు, వాన పడ్డ తాటాకు, ఇంకా నాకు పేరు తెలియనివి ఏవేవో ఒకదాని వెనక ఒకటి. తాగని మనిషిని నాకే తెలిసింది. వెనక మూర్తి గారు నిలబడి ఉన్నారు. నా చేతిలోంచి ఆ ఎంగిలి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగారు.

"ఇప్పుడొచ్చిందండి," అన్నారు.

నెలాఖరుకు ఆయన వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు మడిచిన చీటీ తీసి నా చేతిలో పెట్టారు. "ఇది మీదేనమ్మా. మీ దగ్గరుంచుకోండి. చదివాక నాకొక ఫోను చేయండి." తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి, అలిసి, నిద్రపోయేదాన్ని. చదివాక ఫోను చేయమన్నారు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. చీటీ నా బైబిలులో ఉండేది. ఆదివారం తెరిచినప్పుడల్లా కనబడేది. ఎవరిచేతైనా చదివించుకోవచ్చు, మా అమ్మాయి ఉంది. కానీ ఆయన చదివించుకోమనలేదు.

నాలుగో నెలలో పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళి నాకు అక్షరాలు రావని చెప్పాను. ఆమె నోరు తెరిచింది. "మరి ఇన్నేండ్ల సంది పుస్తకం తెరిచి ఏం సూస్తున్నవ్ సువార్తా?"

"పక్కామెను సూస్తున్ననమ్మా."

నవ్వి నవ్వి ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేది. ఎవరికైనా మొదట వాళ్ళ పేరే నేర్పుతుంది ఆమె. మూడు ఆదివారాలకు నా పేరు రాయడం వచ్చింది, ఈసారి ముగ్గులా కాకుండా అక్షరాల్లా. ఆ సాయంత్రం ఇంటికి పోయి చీటీ తీశాను. నా పేరు తప్ప ఇంకేమీ రాని దాన్ని, ఏం చదువుదామనో నాకే తెలియదు. చీటీలో మొదటి మాట నా పేరు.

నేను గుమ్మం దాకా పరుగెత్తాను, లోపలికి వచ్చాను, మళ్ళీ చూశాను. అది మెకానిక్కు కాగితం కాదు. అందరికీ రాసింది కాదు. నాకు రాసింది. నా బతుకులో నాకు ఎవరైనా రాసిన మొదటి ఉత్తరం అది, దాని ఎదురుగా నిలబడి నేను ఉప్పు చల్లాను. మిగతా వరుసలు చదవడానికి ఇంకో ఏడాది పట్టింది. తొందరపెడితే పాస్టరమ్మ కసిరేది. "అందరు వాక్యం సదువుదామని నేర్సుకుంటరు. నువ్వేమో బీరు చీటీ కోసం నేర్సుకుంటున్నవ్. దేవుడు నవ్వుతున్నడు పో." అంటూనే ఒత్తులు దిద్దించేది.

చదివాను. "సువార్తమ్మ గారూ, ఇది పన్నెండు దగ్గర నేనే పెట్టాను. చెడిపోలేదు, కంగారు పడకండి. నేను గ్లాసులకు వెళ్తున్నాను. మధ్యమధ్య మీ చేత్తో చూస్తూ ఉండండి. మిషను కంటే మీ చెయ్యి నాకు నమ్మకం. మూర్తి."

ఫోను చేశాను. చాలాసేపటికి ఎత్తారు. గొంతు పలచబడింది. ఎవరని అడగనివ్వలేదు నేను. చీటీ ఎదురుగా పెట్టుకుని మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. ఆయన అడ్డు రాలేదు. అయ్యాక, "ఐసుల వెట్టింది నేనే సార్. అందరి ముంగట చెప్పకపోతి," అన్నాను.

"ఉప్పు కూడా వేశారు," అన్నారు ఆయన. నవ్వుతున్నారని తెలుస్తోంది. "అంత శ్రద్ధగా ఎవరు చేస్తారండీ?" తర్వాత, "ఇప్పుడెంతున్నాయి?" అన్నారు.

నేను కోల్డ్ రూమ్‌లోంచే మాట్లాడుతున్నాను. "లేతది నాలుగు సార్."

"ఊఁ. గోధుమది?"

"ఆరు. చేదుది ఎనిమిది."

ఆయన తర్వాతది అడగలేదు. అడుగుతారని నేను చిన్న ఫ్రిజ్ వైపు చూశాను. "ఎండలు ముదురుతున్నాయి, నీళ్ళు తాగుతుండండమ్మా," అని పెట్టేశారు. ఆ తర్వాత రెండుసార్లు మాట్లాడాను. ఆయనకు వేరే చోట పని దొరికిందా, నల్లది మళ్ళీ కాచారా అని అడగాలని రెండుసార్లూ అనుకున్నాను. అడగలేకపోయాను. మూడోసారి ఫోను వాళ్ళావిడ ఎత్తారు. ఆయన పోయి పదిహేను రోజులైందని చెప్పారు.

చదువు రాదన్న సంగతి ఓనరుకు నేనే చెప్పాను, వచ్చాక. అతను పెద్దగా పట్టించుకోలేదు. ఇన్నాళ్ళు దేనికి భయపడ్డానో అది ఇంతేనా అనిపించి, ఆ రోజు కూడా నిలకడగా కూర్చోలేకపోయాను. ఇప్పుడు కోల్డ్ రూమ్ మొత్తం నాదే. చిన్న ఫ్రిజ్ ఇంకా అక్కడే ఉంది. అందులో బీరు లేదు. పన్నెండుకే పెట్టి ఉంచాను, నా నీళ్ళ సీసా అందులో పెట్టుకుంటాను. ఊరికే కరెంటు ఎందుకని ఓనరు రెండుసార్లు గొణిగాడు. గొణగనీ.

గోడ మీద చీటీలన్నీ ఇప్పుడు నా చేతిరాతవే. అక్షరాలు ఇంకా వంకరే. కానీ ఏ చీటీనీ అంటించి ఊరుకోను. ఆ రోజు పనిలో ఉన్నవాళ్ళందరినీ పిలిచి, చదువు వచ్చా రాదా అని అడగకుండా, నిలబెట్టి చదివి వినిపిస్తాను. గ్లాసులు కడగడానికి కొత్తగా చేరిన పద్మ గుడ్డ పట్టుకుని అటూ ఇటూ తుడుస్తూ దగ్గరికొచ్చి వింటుంది. ఆమె వైపు నేను చూడను. యాదగిరి మాత్రం ప్రతిసారీ విసుక్కుంటాడు.

"నాకు సదువొస్తదక్కా. నేనే సదువుకుంట."

"వస్తదిలే," అంటాను. "జర ఇను."